గౌను లోపలి మడతలు

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు. పై కోర్టులో శిక్ష తగ్గించలేదు సరికదా, ఇంకా పెంచారు. నమ్మి ఇంటి తాళాలిచ్చిన ముసలాయన మీదే చెయ్యి చేసుకున్నాను కాబట్టి మామూలు దొంగతనంలా చూడలేమన్నారు. వాళ్లన్నది నిజమే.

జైల్లో నన్ను కుట్టుపనిలో వేశారు. మాస్టారిని అడిగి, మిగిలిన గుడ్డతో నా పాపకి గౌను కుట్టాను. ఆయన తిరగేసి చూసి, "లోపల ఇంత బట్ట మడిచావేంట్రా, ఇది గౌనా, పరుపా?" అన్నాడు. ములాఖత్‌కి వచ్చినప్పుడు తీసుకెళ్లు. పాప పొడుగైనప్పుడల్లా ఒక్కో మడత విప్పు. దాని ముందుపళ్లు ఊడాయా? బావ దగ్గు తగ్గిందా? నమస్కారాలు చెప్పు.

మడతలన్నీ అయిపోయేనాటికి కూడా నేను బయటికి రాలేను. గౌను బిగుతైపోయిందని పారెయ్యకు. వచ్చాక, నా బిడ్డ ఎంత ఉండేదో చూసుకుంటాను.

నీ తమ్ముడు