దొరగారి పేరు

తాడేపల్లిగూడెం, 13 నవంబరు 2004, శనివారం

ఈ ఉదయం నాన్నా నేనూ బెంగుళూరు నుంచి వచ్చేశాం.

ఇప్పుడు ధాన్యం ఆరబోస్తున్న మా ఊరి రన్‌వే మీద, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నాన్న విమానాలు తుడిచే కూలీ. ఆయనతో మంచిగా ఉండే ఒక తెల్ల పైలట్ ఓ రోజు ఎగిరి వెళ్ళి మళ్ళీ రాలేదు. అరవయ్యేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో నాన్న అతని కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నారు. అందుకే బెంగుళూరులో ఉన్న విమానాల మ్యూజియానికి తీసుకెళ్ళాను.

చనిపోయిన పైలట్ల ఫోటోల ముందు ఆగి, నాన్న గైడుని అడిగారు. అతనూ తెలుగువాడే.

"ఏవండీ, మా దొరగారి ఫోటో ఉందాండీ?"

"పేరు చెప్పండి."

"దొరగారేనండీ."

గైడు నవ్వాడు. వెనకున్నవాళ్ళూ నవ్వారు. సిగ్గేసి నేనూ నవ్వాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి నేను నేర్చుకున్నది ఇదీ! ఆ రోజుల్లో దొరని పేరు అడిగే ధైర్యం కూలీకి ఎక్కడిది? ఆ దొరైనా ఈయన పేరు అడిగాడా?

ఇందాక దుప్పటి కప్పుతుంటే నాన్న మెల్లిగా అడిగారు.

"రేపు ప్రార్థనలో దొరగారనే అంటే, దేవుడు కూడా నవ్వుతాడంటావా అమ్మా?"