స్టీల్ లేని పాట

జనవరి 14, 1980. సోమవారం

“తీగ మీద నీ చొక్కా” ఇవాళ రికార్డయింది. రెండో టేకుకే అయిపోయింది.

గిల్ రెన్‌ఫ్రో అన్నీ పద్ధతిగా చేసే ప్రొడ్యూసర్. వాయించేవాళ్ళ మధ్య చెక్క అడ్డాలు పెట్టిస్తాడు, ఎవరి చప్పుడు వాళ్ళ మైకులోనే పడాలని. వెర్లాన్ ఆ అడ్డం వెనక కూచోనన్నాడు. బల్లంత ఉన్న తన స్టీల్ గిటార్ని మోసుకొచ్చి నాకు నాలుగడుగుల దూరంలో వేసుకున్నాడు. అట్లా పెడితే నీ స్టీల్ పోయి ఆమె మైకులో పడుతుందయ్యా, తర్వాత విడదీయడం నా తరం కాదు అన్నాడు గిల్. నిన్నెవరు విడదీయమన్నారు అన్నాడు వెర్లాన్. ఈ పిల్ల నోరు కనపడకపోతే ఎప్పుడు ఊపిరి తీస్తుందో నాకెట్లా తెలుస్తుంది అని కూడా అన్నాడు. నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. వెర్లాన్‌కి మాత్రం ఇంకా పిల్లనే.

పన్నెండేళ్ళుగా, ఏ బార్లో పాడినా ఏ సంతలో పాడినా, ఆ నాలుగడుగుల దూరంలోనే కూచున్నాడు. మోకాలితో గిటార్ కింద ఉన్న మీటని పక్కకి నెడతాడు, తీగ సాగుతుంది, స్వరం ఏడుస్తున్నట్టు పైకి పోతుంది. దాన్ని అందుకుని నేను పాడతాను.

పాట నేను రాసిందే. మా ఆయన డెల్ పోయి నాలుగేళ్ళు. పోయిన రోజు ఉతికిన చొక్కా తీగ మీదే వారం ఉంది. “వాన మొదలైంది, తీగ మీద నీ చొక్కా” అని మొదటి లైను. అక్కడ ఆగుతాను. వెర్లాన్ వాయిస్తాడు. అప్పుడు “నేను లోపలికి తేలేదు” అంటాను. వెర్లాన్ వాయించాక గానీ ఆ మాట నా నోట్లోంచి రాదు.

ఈ పాట ఎంతదూరం పోతే నువ్వూ అంతదూరం వస్తావు అని వెర్లాన్‌కి మాటిచ్చాను. ముందు భోజనానికి పోదాం పద అన్నాడు.

జనవరి 15

గొంతు బొంగురు పోయింది. ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

మార్చి 29

కంట్రీ పాటల చార్టులో ఆరో నంబరు. పెట్రోలు బంకులో ఒకామె కారు అద్దం తుడుస్తూ నా పాట పాడుకుంటోంది. అది పాడింది నేనే అని చెప్పలేదు. రెండు మైళ్ళు పోయాక చెప్పాల్సింది అనిపించింది.

ఏప్రిల్ 18. శుక్రవారం

గిల్ ఫోను. పిట్స్‌బర్గ్‌లో ఒక పాప్ రేడియో స్టేషన్ వాళ్ళు సరదాకి మన పాట వేశారట. మళ్ళీ వెయ్యమని ఒకటే ఫోన్లట. న్యూయార్క్‌లో రికార్డు కంపెనీ వాళ్ళు ఇప్పుడు నిద్ర లేచారు. పాప్ స్టేషన్ల కోసం పాటని వేరేగా తయారు చేస్తారట. స్టీల్ తీసేసి వయొలిన్లు పెడతారట. స్టీల్ చెవిన పడగానే సిటీ జనం స్టేషన్ మార్చేస్తారని వాళ్ళ లెక్క.

తీసెయ్యడానికి కుదరదు. నా మైకు నిండా వెర్లాన్ ఉన్నాడు. అందుకని నేను ఒంటరిగా మళ్ళీ పాడాలి. నావల్ల కాకపోతే కాలిఫోర్నియాలో ఒకమ్మాయి సిద్ధంగా ఉందట. ఇరవై మూడేళ్ళట, పలువరస బాగుంటుందట. ఆ పిల్ల పాడితే డెల్ చొక్కా ఎవరిదో చొక్కా అయిపోతుంది. ఒళ్ళు మండిపోయింది. నేనే పాడతాను అని చెప్పి ఫోను పెట్టేశాను.

వెర్లాన్ గుర్తొచ్చింది ఫోను పెట్టేశాకే. ఇది రాసి పెట్టుకోవాలి. నాకు బుద్ధి రావాలి.

ఏప్రిల్ 19

వెర్లాన్‌కి చెప్పేశాను. ఎప్పుడూ తినే చోటే, చేప తింటుండగా. మాటిచ్చావు కదా అని దెప్పుతాడనుకున్నాను. ముళ్ళు తీసుకుంటూ, వయొలిన్లు ఎన్ని అని అడిగాడు. పదకొండు అన్నాను. నా ఒక్కడి బదులు పదకొండుమందా, పర్లేదు, లెక్క తెలిసినవాళ్ళే అన్నాడు. నేను నవ్వాను. తను నవ్వలేదు. వెళ్ళి పాడు పిల్లా, ఇన్నాళ్ళూ తాగుబోతుల మధ్య గొంతు చించుకుంది ఇందుకే కదా అన్నాడు.

తీపికని తెప్పించుకున్న యాపిల్ పై సగంలో వదిలేసి లేచాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, యాపిల్ పై వదిలెయ్యడం నేను చూడటం ఇదే మొదటిసారి.

కారులో కూచుని తేల్చుకున్నాను. పాట వదలను. వెర్లాన్నీ వదలను. ఎట్లాగన్నది ఇంకా తెలీదు.

ఏప్రిల్ 24. గురువారం

గాజు గదిలో నన్నొక్కదాన్నే నిలబెట్టారు. హెడ్‌ఫోన్‌లో వయొలిన్లు. ఏడు టేకులు.

మొదటి మూడూ నిజాయితీగా పాడాను. మూడుసార్లూ రెండో లైను ఆలస్యం. వయొలిన్లు ముందుకెళ్ళిపోయాయి, నేను బస్సు తప్పిపోయినదానిలా నిలబడ్డాను. అలవాటు తప్పిందిలే అనుకున్నాను. గిల్ అద్దం అవతల నుంచి వేళ్ళతో లెక్కపెట్టి చూపించాడు, ఒకటి రెండు మూడు, ఇప్పుడు.

నాలుగోదానికి ముందు నీళ్ళు తాగుతుంటే తట్టింది. నేను పాడలేకపోతే పాత గొంతే వాడుకోవాలి. పాత గొంతు వాడితే దాని వెంట వెర్లాన్ వస్తాడు.

నాలుగు నుంచి ఏడు దాకా కావాలనే ఆలస్యం చేశాను. మోసమే. ఎవరూ చదవని చోట ఒప్పుకోవడానికేం. పాట కాలిఫోర్నియా పిల్లకి పోవచ్చని తెలుసు. అయినా చేశాను. ఇంకో ఏడు పాడమన్నా అంతే చేసేదాన్ని.

ఏప్రిల్ 25

గిల్ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఏప్రిల్ 28

చేశాడు. పాత గొంతే ఉంచాడట. వయొలిన్లు పెంచి, స్టీల్‌ని కింద కప్పేశాడట. కంపెనీ వాళ్ళు విని బాగుందన్నారట, వాళ్ళ చెవులకి ఏమీ అందలేదట. కాలిఫోర్నియా పిల్లకి వేరే పాట చూసుకుంటారట.

హమ్మయ్య అనుకుంటుండగా, పదకొండేళ్ళుగా నిన్ను వింటున్నాను ఆర్డిత్, నాలుగో టేకు నుంచి నువ్వేం చేశావో నాకు తెలీదనుకున్నావా అన్నాడు. అది సరే, మొదటి మూడింట్లో ఏమైంది, అది మాత్రం నాకు అర్థం కాలేదు, నువ్వే చూసుకో అన్నాడు.

జూన్ 7. శనివారం

పాప్ చార్టులో పద్నాలుగు.

వెర్లాన్ పికప్ బండిలో వెళుతూ నేనే రేడియోలో పాప్ స్టేషన్ పెట్టాను. ఈ గోల ఏంటి అని గొణిగాడు. ఆ గోల తర్వాత మా పాట వచ్చింది. ముందు వయొలిన్లు. వెర్లాన్ రోడ్డు వైపే చూస్తున్నాడు. “తీగ మీద నీ చొక్కా” అవగానే సౌండ్ మొత్తం పెంచాను. వయొలిన్ల కింద, పక్కింట్లోంచి వినపడ్డట్టు సన్నగా, వెర్లాన్.

బండి పక్కకి తీసి ఆపాడు. పాట అయ్యేదాకా స్టీరింగ్ వదల్లేదు. అయ్యాక, శ్రుతి కాస్త దిగింది, తీగ ఇంకోసారి చూసుకోవాల్సింది అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. గాజు గదిలో చేసిన మోసం చెప్పేశాను. దొంగముండా అని తిట్టి, పద, యాపిల్ పై తిందాం అన్నాడు. రెండు ముక్కలు తిన్నాడు.

జూలై 2

న్యూయార్క్‌లో టీవీ వాళ్ళు పిలిచారు. పన్నెండో తారీకు, శనివారం సాయంత్రం, లైవ్. వాళ్ళ ఆర్కెస్ట్రాతో పాడాలి. స్టీల్ కనపడకూడదని కంపెనీ ఖచ్చితంగా చెప్పింది.

ఊరికే చూడ్డానికైనా రా అని వెర్లాన్‌ని పిలిచాను. వాయించేది లేనప్పుడు నేనెందుకు, దిష్టిబొమ్మనా అన్నాడు. విమానమంటే భయమని కాసేపటికి ఒప్పుకున్నాడు.

జూలై 11. ఉదయం 11

రిహార్సల్. మొదటి లైను పాడాను. ఆగాను. రెండో లైను రాలేదు.

ఆలస్యం కాదు. రానేలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ రాలేదు. కండక్టర్ మర్యాదస్తుడు, మేడమ్, మీరు అందుకోవాల్సింది ఇక్కడ అని కర్రతో చూపించాడు. ఎక్కడో నాకు తెలుసు. నోరు తెరిస్తే డెల్ పోయిన రోజు ముందుకొచ్చి నిలబడుతోంది, మాట రావడం లేదు. ఇవాళ మోసం లేదు. గిల్ చూసుకోమన్నది ఇదే.

వెర్లాన్‌ని నేను కాపాడుతున్నానని తెగ మురిసిపోయాను. రేపు కోట్లమంది ముందు నోరు తెరుచుకుని నిలబడబోయేది నేను. ఇంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు.

మధ్యాహ్నం 2

వెర్లాన్‌కి ఫోన్ చేశాను. గిటార్ని రానివ్వరు, నువ్వు రా అన్నాను. ఉత్త చేతులతో వచ్చి ఏం చెయ్యను అన్నాడు. కూచో చాలు అన్నాను. ఎంత దూరంలో అన్నాడు.

జూలై 12. సాయంత్రం 5

వచ్చాడు. దారంతా కళ్ళు మూసుకునే కూచున్నాడట. పక్క సీట్లో ఆవిడ ప్రార్థన చేస్తున్నాడనుకుని తనూ చేసిందట. డెల్ అంత్యక్రియలకి వేసుకున్న సూటే వేసుకొచ్చాడు.

కెమెరా పక్కన కుర్చీ వెయ్యడం కుదరదన్నారు. కుర్చీ లేకపోతే పాటా లేదన్నాను. ఎవరెవరో వచ్చి నచ్చచెప్పారు. నేను మేకప్ కుర్చీలోంచి కదల్లేదు. చివరికి వేశారు. నాలుగడుగులు నేనే టేపుతో కొలిచాను, అందరూ చూస్తుండగా, గౌను ఎత్తిపట్టుకుని.

కలిసి ఒకసారి చూసుకోవడానికి టైము లేదు. ఏడింటికి లైవ్.

జూలై 13

వాన మొదలైంది, తీగ మీద నీ చొక్కా.

ఆగాను.

వెర్లాన్ నా నోరు చూస్తున్నాడు. నేను అతని మోకాలు చూస్తున్నాను.

లేని మీటని నెట్టినట్టు పక్కకి కదిలింది.

నేను లోపలికి తేలేదు.