వాసన రాని సాక్సులు

బావా,

నీ మిల్లులో తయారయ్యే వాసన రాని సాక్సులు డజను పంపావు. తిట్టుకోనంటే చెబుతాను, వాటిని కాళ్లకు తొడగలేదు. వాటిలో నాలుగింటిని తల్లి రొయ్యల తొట్టిలోకి కాలువ నీళ్లొచ్చే పైపుకు వడపోతగా కట్టాను. రెండు నెలలుగా ఒక్క రొయ్య పొట్ట కిందా గుడ్లు లేవు. ఆ కాలువలోకి నీళ్లు వదిలే నీ మిల్లుదే ఈ పాపమని కాలుష్యం అధికారులకు ఫిర్యాదు పెట్టాను.

నిన్న తొట్టి నీళ్లు పరీక్షించినాయన, "ఇందులో కంటికి కనపడనంత సన్నని వెండి పొడి ఉంది. వాసన రాకుండా నీ సాక్సుల్లో కలిపిందే, మహానుభావా!" అని పడీపడీ నవ్వాడు.

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకోనా?" అన్నాను.

"నాలుగు సాక్సులకే రొయ్యలు గొడ్డుపోతే, ఆ మిల్లు రోజూ వేల సాక్సులు కడిగి మీ కాలువలోకి వదిలే నీళ్ల మాటేంటి?" అన్నాడు.

అందుకని అక్క ఎంత బతిమాలినా వెనక్కి తీసుకోను. సోమవారం అధికారి వస్తాడు. నా పైపు సంగతి నేను చెబుతాను, నీ కాలువ సంగతి నువ్వు చెప్పు.

నీ బావమరిది