నడిమింట్లో వైఫై డబ్బా

పుంగనూరు

కుప్పం వదినకు,

ఫోన్‌లో చెబితే మా ఆయన వింటారని ఉత్తరం రాస్తున్నాను. ఇల్లు పంచుకున్నాక ముందుగది, వెనకగది మాకు, నడిమిల్లు బావకు వచ్చాయి కదా. మా వెనకగదికి వైఫై అందడం లేదు. నడిమింట్లో ఇంకో డబ్బా పెడితేనే అందుతుందట. మీ తమ్ముళ్లిద్దరికీ బోరు తగాదా తర్వాత మాటల్లేవు.

చివరికి ఈయనే డబ్బా పట్టుకుని బావ గడపలో నిలబడి, "అన్నా, దీన్ని యాడ పెట్టేది?" అన్నారు.

"ఆడ నిలబడితే ఏం తెలుస్తాది? లోపలికి రాప్పా, సూద్దాం," అన్నారు బావ.

నెట్ ఇంకా సరిగా రావడం లేదు. రోజూ సాయంత్రం ఇద్దరూ దాన్ని కొత్తచోట పెట్టి, కాఫీ తాగి, నవ్వుకుని లేస్తున్నారు. వాళ్లు లేవగానే మా తోడికోడలు దాన్ని ఇనుప బీరువా వెనక్కి నెట్టేసి, మర్నాడు వాళ్లు చూసేలోపు మళ్లీ పెట్టినచోటే పెట్టేస్తోంది. ఆ సలహా నాదే.

మీరొస్తే నోరు జారకండి.

మీ మరదలు