మెడలో మేకగంట

కినాంగోప్,
మంగళవారం

నా తండ్రి పేరు మోస్తున్న నా బంగారు గిచూహికి,

నువ్వు పంపిన ఫోటో ఈ ఉదయం అందింది. "గోడకెక్కించే ముందు నువ్వొకసారి చూడమ్మా" అని చీటీ రాశావు. బల్లమీద పరిచి భూతద్దంతో చూశాను. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

నిజానికి వెగటు ఆదివారమే మొదలయింది. కొత్త హోటల్ చూపిస్తానని పిలిచావు. నీ పనివాళ్లందరూ నేలను తాకే తెల్లంగీలతో, చెప్పులు లేని కాళ్లతో, మెడలో తళతళలాడే ఇత్తడి డబ్బీలతో వరండాలో బారుగా నిలబడ్డారు. మీ పెద్ద సర్వరు గచేరు ఆ డబ్బీని వేలితో మీటి, "పంతులమ్మగారూ, ఇక మా ఆవిడకి బెంగలేదు. నేనెక్కడ తిరుగుతున్నా చప్పుడు వినపడుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. "పాత ఫోటోలో పనివాడి మెడలో ఉందమ్మా, అదేదో వాళ్ల నగ. అచ్చం అలాగే పోత పోయించాను" అని నువ్వు మురిసిపోయావు. నీ దగ్గర జీతం తీసుకునేవాళ్ల ముందు నిన్ను మందలించడం మర్యాద కాదని ఇంటికి వచ్చేశాను.

అది నగ కాదు, నాయనా. కిపాండే. మన దేశాన్ని ఏలిన రోజుల్లో మన మగవాళ్ల మెడలకు తెల్లదొరలు కట్టించిన రేకు డబ్బీ. లోపల కాగితం, కాగితం మీద వేలిముద్రలు, దొర సంతకం. ఆ సంతకం లేకుండా తోట దాటినవాడు జైలుకు పోయేవాడు. మనవాళ్లు దాన్ని మేకగంట అనేవారు. పేరు పెట్టడంలో మనవాళ్లు ఎప్పుడూ పొరబడలేదు.

ఇక ఆ ఫోటో. ఎండ ఎక్కిన వేళ రాత్రి విందు బట్టల్లోనే ముత్యాల హారాలు వేసుకున్న దొరసానులు. ఒకతె ఒడిలో చిరుతపిల్ల, దానికి వెండి పళ్లెంలో మాంసం. కేకు పక్కనే బల్లమీద బూటుకాలు చాపుకున్న లార్డు. మనవాళ్ల కొండలను ఆక్రమించుకుని, వాటిని పండించే ఓపిక కూడా లేక తాగి పడుకున్న మనుషులు. ఆ ముఖాల్లో నీకు కనిపించిన రాజసం నాకు ఎంత వెతికినా కనిపించలేదు. నిన్నటి మద్యం వాసన మాత్రం కాగితంలోంచి కూడా కొట్టింది.

వాళ్ల వెనుక ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి మా నాన్న.

నువ్వు పుట్టకముందే పోయాడు కనుక నువ్వు గుర్తుపట్టలేదు. రెండో కొడుకుకు తల్లివైపు తాత పేరు పెట్టాలన్న ఆచారం వల్ల ఆయన పేరు నీకు వచ్చింది. "ఆ పనివాడు చూడమ్మా, ఎంత హుందాగా నిలబడ్డాడో" అని చీటీలో రాశావే, ఆ హుందాతనం ఏమిటో చెబుతాను. ఆ ఉదయం ఆయనకు కబురు వచ్చింది: అవతలి కొండ మీద తల్లికి ఆఖరి ఘడియలు. కిపాండే మీద సంతకం పెట్టమని దొరను బతిమాలాడు. దొరకు విందు ముగియలేదు, ఫోటో తీయించుకోవలసి ఉంది, ఆ తరువాత నిద్ర వచ్చింది. మర్నాడు సాయంత్రానికి గాని సంతకం పడలేదు. నాన్న వెళ్లేసరికి తల్లి లేదు. నువ్వు మెచ్చుకున్నది సంతకం కోసం కాచుకున్న ముఖాన్ని.

నేను కంపాలా కాలేజీకి బయలుదేరిన రోజున, ఒకే ఒక్కసారి, ఆయన నాకీ సంగతి చెప్పాడు. "నీ తల్లి దగ్గరికి వెళ్లడానికి ఎవడి సెలవూ అడగని బతుకు బతుకు, బిడ్డా" అన్నాడు. అలాగే బతికాను. మీ నాన్నకు కూడా ఇది చెప్పలేదు. నీకు చెబుతున్నాను, నీ దగ్గరే ఉంచుకో. ఆ గంటలు మెడల్లోంచి తీయించు. ఆ ఫోటో గోడకెక్కకూడదు. మా నాన్నకు ఈ లోకంలో మిగిలిన ఫోటో అదొక్కటే అయినా సరే.

ఆశీస్సులతో,
మీ అమ్మ
వాన్జీరా

*

కినాంగోప్,
ఆదివారం

నా కుమారుడు గిచూహికి,

"ఉత్తరం చదివి ఏడ్చానమ్మా. ప్రారంభోత్సవానికి నువ్వు రావాలి, నీ కోసమే ఒకటి చేస్తున్నాను" అని ఫోన్‌లో అన్నావు. నమ్మి, మంచి బట్టలు కట్టుకుని వచ్చాను.

ఫోటో గోడ నిండా ఉంది. గంటలు మెడల్లోనే ఉన్నాయి. నువ్వు గ్లాసు మీద చెంచాతో కొట్టి, "ఈయన మా తాత" అని మొదలుపెట్టి, నా ఉత్తరాన్ని నా మాటల్లోనే ఇంగ్లీషులో అప్పజెప్పావు. తల్లి చనిపోయిన దగ్గర ఆగావు. ఎంతసేపు ఆగాలో కూడా సాధన చేసినట్టున్నావు. ఆ లార్డుగారి మనవరాలు పెనెలోపి కళ్లు ఒత్తుకుని, "అబ్బ, గుండె పిండేశారండీ! ఆ డబ్బీ ఒకటి మా ఇంటికి పట్టుకెళ్లొచ్చా?" అంది. "అయ్యో, మీకు లేకపోవడమేమిటి!" అని స్వయంగా ఆమె మెడలో వేశావు. తక్కినవాళ్లు తమకూ కావాలని చేతులు చాచారు. నా పక్కన కూర్చున్న ఎంపీ నా చెవిలో, "మీవాడు ఘటికుడమ్మా! శవం చేత కూడా ఓటేయించగలడు. మా పార్టీలోకి పంపండి" అన్నాడు.

"అమ్మా, నువ్వూ రా! మధ్యలో నిలబడు. కాస్త నవ్వవే" అని పిలిచావు. నేను లేచి నడిచి ఇంటికి వచ్చాను.

నువ్వు సిగ్గుపడతావనుకున్నాను. నీకు తెలియకపోవడమే నీ జబ్బనీ, చెబితే నయమవుతుందనీ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదానిలా నమ్మాను. తెలిసిన తరువాత నువ్వు ఇంకా అసహ్యంగా తయారయ్యావు. ఆ దొర మా నాన్న కాళ్లకు మాత్రమే సంకెల వేశాడు. నువ్వు ఆయన దుఃఖానికి కూడా తెల్లంగీ తొడిగి, ట్రే ఇచ్చి నిలబెట్టావు.

నువ్వు హోటల్ పెట్టిన ఆ ఇల్లు నాది. "మొగుడు పోయిన ఆడదానివి, నీకు బంగళా ఎందుకమ్మా?" అన్న బ్యాంకు మేనేజరు చేత సంతకం పెట్టించి కొన్నాను. నీకు నోటిమాట మీద ఇచ్చాను, నోటిమాట మీదే తీసుకుంటున్నాను. రేపటినుంచి ఆ వరండాలో బంగాళాదుంపల సంఘం ఆడవాళ్లు మూటలు తూస్తారు. గచేరుకూ మిగిలినవాళ్లకూ అక్కడే పని ఉంది, చెప్పులు వేసుకుని రమ్మన్నాను. నీ సామాను పొద్దున్నే తీయించుకో.

పెట్టిన పేరు వెనక్కి తీసుకునే ఆచారం మనవాళ్లకు లేదు. ఉంటే తీసుకునేదాన్ని.

గోడమీది ఫోటో గచేరు చేత దింపించి తెప్పించుకున్నాను. దొరలను కోసి పారేసి, నాన్నను ఒక్కడినే మిగుల్చుకుందామని కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఇంత పెద్దదిగా చేయించావు కనుక ఇప్పుడు కనిపించింది: తూలిపోకుండా ఒక దొర ఆయన భుజాన్ని పట్టుకుని ఉన్నాడు. ఎటునుంచి కోసినా ఆ చెయ్యి అక్కడే ఉండిపోతోంది.

వాన్జీరా