కాటుక డబ్బీ

గోదావరిఖని,
మంగళవారం.

శోభ వదినకు,

మా పెళ్ళయ్యాక మీరు నాతో మాట్లాడలేదు. అయినా రాస్తున్నాను.

మంథని బస్సులో మీ తమ్ముణ్ణి మొదటిసారి చూసి, "మగవాళ్ళు కాటుక పెట్టుకుంటరా?" అని నవ్వాను. "కాటుక కాదు మేడమ్, బొగ్గు. ఎంత రుద్దినా రెప్పలకెళ్లి పోదు" అన్నారు. అప్పుడే మనసిచ్చేశాను.

గనిలో కప్పు కూలి, ఆయనతో పనిచేసే సదానందం అన్న పోయి నెలయింది. ఈయన రోజూ టిఫిన్ సంచితో డ్యూటీకని వెళ్తున్నారు. సాయంత్రం వస్తే కళ్ళలో బొగ్గు జాడే లేదు.

నిన్న ఆయన కళ్ళు మళ్ళీ నల్లగా కనిపించాయి. సంచి దులిపితే నా కాటుక డబ్బీ దొరికింది.

మీరొకసారి వచ్చి మాట్లాడండి వదినా. నేనడిగితే సిగ్గుపడి మళ్ళీ గనిలో దిగుతారు.

డబ్బీ ఆ సంచిలోనే పెట్టేశాను.

మీరొప్పుకోని మరదలు