ఒంటిచేత్తో తిరిగే స్టీరింగు

క్వారీ క్యాంపు, శ్రీశైలం రోడ్డు
8 ఫిబ్రవరి 1999

ప్రియమైన ఆనందన్నకు,

అక్షరాలు వంకరగా ఉంటే విసుక్కోకు. కుడి బొటనవేలు విరిగి కట్టులో ఉంది, ఎడమచేత్తో రాస్తున్నాను.

మా క్వారీ యజమాని యాదగిరి సేటు మిలిటరీ వేలంలో కొన్న పాత ఫోర్‌వీల్ ట్రక్కు గురించి నీకు చెప్పాను. అరవైల నాటి బండి. ఇంజను ఇప్పటికీ ఏ గుట్టనైనా ఎక్కేస్తుంది. స్టీరింగే ప్రాణం తీస్తోంది. పావుచుట్టు తిప్పినా చక్రాలు కదలవు, కదిలాయంటే రెండు చేతులూ వేసి లాగినా ఆగవు. మొన్న గుట్ట దిగుతుంటే ముందు చక్రం బండకు తగిలి స్టీరింగు వెనక్కి తన్నింది. దాని ఊచ బొటనవేలికి కొట్టుకుంది. ఎముక చిట్లిన చప్పుడు అంత ఇంజను మోతలోనూ వినపడింది. బండి పక్కకు కోసుకుపోయి, రాళ్లు కొడుతున్న కూలీకి జానెడు దూరంలో ఆగింది.

సేటు వచ్చి నా చెయ్యి చూడలేదు. దారిలో కూర్చున్నావేమని ఆ కూలీనే చెంప పగిలేటట్టు కొట్టాడు. అతని నోట్లోంచి రక్తం కారుతుండగానే నా వైపు తిరిగి, "ఫలక్‌నుమాల మీ ఉస్తాద్ ఉన్నడంటివి గదా, గాయన తానకు పంపుత. ఒంటిచేత్తోని తిరగాలె బండి" అన్నాడు.

వేరే డ్రైవరు బండి తెస్తాడు. ఒకే షెడ్డులో కలిసి పాన పట్టినవాళ్లం, నా చేతులు నీ చేతుల్లో పెడుతున్నాననుకో. సుజన వదినకు నా నమస్కారాలు.

నీ తమ్ముడు,
రాజన్న


ఫలక్‌నుమా
3 మార్చి 1999

ప్రియమైన తమ్ముడు రాజన్నకు,

బండి తయారైంది. దాంతోపాటే ఈ ఉత్తరం పంపుతున్నాను.

స్టీరింగు బాక్సు విప్పితే లోపల పళ్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. ముందు చక్రాలు మలుపు తిరిగే కింగ్ పిన్నులు వేలు పెట్టి ఊపితే ఊగుతున్నాయి. ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. పిన్నులు, బుష్‌లు కొత్తవి లేతు మీద తీశాను. అంతటితో సరిపెడదామనుకుంటే మీ సేటు మనిషి ఒప్పుకోలేదు, చెయ్యి వేస్తే తిరగాలన్నాడు. పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజారుకు మూడు గురువారాలు తిరిగాను. మూడోవారం పాత సామాన్ల గుట్టలో, విరిచేసిన లారీ తాలూకు పవర్ స్టీరింగు బాక్సు, ఆయిల్ పంపు దొరికాయి. పంపును ఇంజను బెల్టుకు కలిపాను. బాక్సు నిలబడటానికి బండి అడుగున ఉండే ఛాసీలో నాలుగు కొత్త రంధ్రాలు వేసి మందపాటి పట్టీ బిగించాను.

ఇంజను నడుస్తుండగా సుజనను సీట్లో కూర్చోబెట్టి తిప్పమన్నాను. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే పట్టుకుని, ఎడమచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పేసింది. ఇరవై ఏళ్లలో ఇంత బాగా కుదిరిన పని నాకు ఇంకొకటి లేదు.

ఇదివరకు స్టీరింగు బరువు వల్ల కింద రాయి ఉందో గుంట ఉందో నీ చేతులకు తెలిసేది. ఇప్పుడు తెలియదు. కళ్లు రోడ్డు మీద పెట్టు. పాత బాక్సును గోనెసంచిలో చుట్టి వెనక వేశాను.

నీ అన్న,
ఆనందరావు


క్వారీ క్యాంపు
19 ఆగస్టు 1999

ప్రియమైన ఆనందన్నకు,

ఇన్ని నెలలు రాయనందుకు కోపం తెచ్చుకోకు. బండి నీ చెయ్యి పడ్డాక లేడిపిల్లలా తిరుగుతోంది. ఇరుకు సందులో కూడా మలుపు తీసుకుంటుంది. అదే ఇప్పుడు చిక్కు తెచ్చింది.

క్వారీ పక్కన రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు నలభై దాకా ఉన్నాయి. ఆ జాగా తనదంటాడు సేటు. పోయిన ఆదివారం పొద్దున్నే నన్ను బండి తీయమన్నాడు. వెనక పన్నెండుమంది ఎక్కారు, చేతుల్లో గొలుసులు, గడ్డపారలు. గుడిసెల గుంజలకు గొలుసు కట్టి బండితో లాగించారు. అడ్డం వచ్చినవాళ్లను గొలుసులతోనే కొట్టారు. ఒక ముసలాయన దవడ ఊడి వేలాడటం చూశాను. ఒకామెను జుట్టు పట్టి ముళ్లకంపలోకి ఈడ్చారు. జనం విసిరిన రాయి అద్దం పగలగొట్టి నా కనుబొమ్మ చీల్చింది. ఆ రోజు పదకొండు గుడిసెలు పోయాయి.

నేను సీట్లోంచి దిగలేదు. ఎవరి మీదా చెయ్యి వేయలేదు. నా పని స్టీరింగు వరకే అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

నీ తమ్ముడు,
రాజన్న


ఫలక్‌నుమా
27 ఆగస్టు 1999

రాజన్నా,

నీ ఉత్తరం సుజనకు చదివి వినిపించాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

పనిలో చేరిన రోజు నుంచి నిన్ను చూస్తున్నాను, నువ్వు చీమకు కూడా హాని చేయవు. అలాంటివాడివి ఆ సీట్లో ఎందుకు కూర్చున్నావు? నువ్వు లాగకపోతే ఆ గుంజలు ఊడేవా? గుట్ట మీద నీ చేతులు విరగకూడదని నేను చేసిన పని అది. సందుల్లో దూరి కొంపలు పీకడానికి చేయలేదు.

ఆ బండి ఇక్కడికి తీసుకురా. నేను బిగించింది నేనే విప్పి పారేస్తాను. తేలేకపోతే నువ్వొక్కడివే రా. నా షెడ్డులో ఇద్దరికి సరిపడా పని ఉంది. ఈ ఉత్తరం అందిన రోజే బయలుదేరు.

నీ మేలు కోరే అన్న,
ఆనందరావు


ఫలక్‌నుమా
4 అక్టోబరు 1999

ప్రియమైన రాజన్నకు,

ఈ రాత సుజనది, మాటలు నావి. నువ్వు ఎక్కడున్నావో తెలియదు. క్యాంపు చిరునామాకే పంపుతున్నాను.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ట్రక్కు మన షెడ్డు ముందు ఆగింది. నువ్వే వచ్చావని బయటికి పరుగెత్తాను. దిగినవాళ్లు అయిదుగురు. నువ్వు లేవు. బంపరు అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. గోనెసంచి నా కాళ్ల ముందు పడేసి, పాత బాక్సు బిగించమన్నారు. రాజన్న ఎక్కడని అడిగాను. చెబితేగానీ పాన ముట్టనన్నాను.

నా కుడిచేతిని, మనం ఇనుపముక్కలు బిగించే వైస్‌లో పెట్టారు. ఒకడు నా మెడ పట్టుకున్నాడు, ఒకడు పిడి తిప్పాడు. చిటికెనవేలు, ఉంగరంవేలు పిండి అయ్యాయి. అరుపు విని వచ్చిన సుజనను జుట్టు పట్టి గోడకేసి కొట్టి, గొంతు మీద గడ్డపార ఆనించారు. అప్పుడు ఒప్పుకున్నాను. నేను ఎడమచేత్తో చూపిస్తుంటే వాళ్లలో ఒకడు బిగించాడు. పవర్ బాక్సు, పంపు మూటగట్టుకుని పోయారు.

పోతూ ఒకడు నా చెవిలో, "గీ బండిని నువ్వు జిందగీల చూడలె. సమజైందా?" అన్నాడు.

బాగున్న స్టీరింగు తీసి అరిగిపోయిన స్టీరింగు ఎందుకు వేయించుకున్నారో నాకు అంతుబట్టడం లేదు. ఏం జరిగింది రాజన్నా? బతికే ఉన్నావని ఒక్క ముక్క రాయి.

నీ అన్న,
ఆనందరావు


చంచల్‌గూడ జైలు
25 అక్టోబరు 1999

ప్రియమైన ఆనందన్నకు,

నీ ఉత్తరం చేతులు మారి నిన్న అందింది. నీ వేళ్ల సంగతి చదివి తల గోడకేసి కొట్టుకున్నాను.

నువ్వు రమ్మన్నప్పుడే రావాల్సింది, రాలేదు. నా మీద ఖూనీ కేసు పెట్టారు. సెప్టెంబరు ఇరవై ఏడున, సోమవారం పొద్దున మిగిలిన గుడిసెల మీదికి వెళ్లాం. కొమురమ్మ అనే ఆమె కదలనంది. కూతురు ఆండాలుతో కలిసి రాళ్లు కొట్టి బతికే మనిషి. గడప మీద కూర్చుంది. సేటు నా ఎడమపక్క సీట్లో ఉన్నాడు. గుడిసె దాటుకుని పొమ్మన్నాడు, పోనిచ్చాను. పక్కకు రాగానే చెయ్యి చాపి స్టీరింగు పట్టి కిందికి గుంజాడు. నువ్వు బిగించిన స్టీరింగు గదా, ఒక్క చేతికే తిరిగింది. బండి గడప ఎక్కింది.

ఆండాలు నీళ్లబిందె పారేసి వచ్చి, తల్లి మీద కూలిన రేకులు ఉత్తచేతులతో లాగింది. ఆమె అరచేతులు తెగి ఎముక కనిపించింది. జనం నన్ను కిందికి ఈడ్చి రాళ్లతో కొట్టారు. మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమచెవి ఇప్పుడు వినపడదు. సేటు మనుషులు బండితో సహా ఆయన్ను తప్పించారు. రెండురోజుల తర్వాత బండి ఠాణాకు చేరింది, పాత స్టీరింగుతో.

సేటే తిప్పాడని నేను ఎంత చెప్పినా పోలీసాయన నమ్మలేదు. ఆ సీట్లో కూర్చుని రెండు చేతులా తిప్పిచూసి, "నాకే తిరుగుత లేదు. పక్క సీట్లకెళ్లి ఒంటిచేత్తోని ఎట్ల తిప్పిండు?" అన్నాడు. వాళ్లు నీ దగ్గరికి ఎందుకు వచ్చారో నీకిప్పుడు తెలిసి ఉంటుంది.

నా తరఫున వాదించే విమలాదేవిగారు, పని చేసిన మెకానిక్కు వచ్చి చెప్పాలంటున్నారు. వదిన గొంతు మీద గడ్డపార ఆనించినవాళ్లు బయటే తిరుగుతున్నారు. నిన్ను రమ్మనలేను. వద్దని అనడానికీ నోరు రావడం లేదు.

నీ తమ్ముడు,
రాజన్న


ఫలక్‌నుమా
16 నవంబరు 2000

ప్రియమైన రాజన్నకు,

నిన్న బోనులో నన్ను చూశావు గానీ మాట్లాడుకునే వీలు లేకపోయింది. అందుకే రాస్తున్నాను. మూడు వేళ్లతో రాయడం అలవాటైంది.

సాక్ష్యానికి వారం ముందు, పట్టపగలే షెడ్డుకు నిప్పుపెట్టారు. లేతు, పనిముట్లు అన్నీ పోయాయి. గ్యాసు సిలిండరు బయటికి లాగబోయి సుజన భుజం నుంచి మోచేయి దాకా కాలింది. ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చుని, ఇక కోర్టుకు పోనని చెప్పాను. ఆమె కళ్లు తెరిచి, "ఇంక నా తాన కాలేటిదేమున్నది? పోయి చెప్పిరా" అంది.

కోర్టులో అంతా చెప్పాను. బజారులో బాక్సు దొరకడం, బిగించడం, మళ్లీ విప్పి పాతది పెట్టించింది నేనేనన్న సంగతి కూడా. వాళ్ల వకీలు నన్ను అబద్ధాలకోరన్నాడు. అప్పుడు జడ్జిగారు అక్కడికక్కడే మోటారు ఇన్‌స్పెక్టరును పంపి, కోర్టు ఆవరణలో ఉన్న బండి ఛాసీ చూడమన్నారు. బాక్సు ఎత్తుకుపోగలిగారు గానీ రంధ్రాలు పూడ్చలేదు. నాలుగూ నేను చెప్పిన కొలతకే ఉన్నాయి. బజారులో అమ్మినాయన కూడా వచ్చి చెప్పాడు. సేటును అక్కడే అదుపులోకి తీసుకున్నారు.

నువ్వు ఇంటికి వచ్చినట్టేనని విమలాదేవిగారు అన్నారు. షెడ్డు లేదు, అయినా మనం నలుగురి ముందు చెయ్యి చాపే రకం కాదు. వచ్చేయ్.

నీ అన్న,
ఆనందరావు


చంచల్‌గూడ జైలు
21 జనవరి 2001

ప్రియమైన ఆనందన్నకు, సుజన వదినకు,

తీర్పు సంగతి మీకు తెలిసే ఉంటుంది. సేటుకు యావజ్జీవం. నాకు అయిదేళ్లు. ఎందుకు పడిందో ఎవరో చెప్పగా వినడం కంటే నా రాతలోనే చదవండి.

చివరికి జడ్జిగారు నన్ను, చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగారు. ఏమీ లేదని చెప్పు, ఇంటికి పోతావు అని విమలాదేవిగారు ముందే చెప్పి ఉంచారు. ఎదురుగా ఆండాలు కూర్చుని ఉంది. అరచేతులు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు ఆమెకు.

"స్టీరింగు సేటే తిప్పిండు. బ్రేకు మీద కాలు నాది. నేను తొక్కలె" అన్నాను.

బండి మొదటి గేరులో ఉంది అన్నా. మనిషి నడిచేంత వేగం. స్టీరింగు తిరిగాక గడపకు నాలుగు గజాలు ఉంది. కాలు నొక్కితే ఆగేది. సేటు పక్కన ఉన్నాడు, ఆపితే ఏమంటాడో అనుకున్నాను. తిప్పింది నేను కాదు గదా అని కూడా అనుకున్నాను. ఆ రెండు ఆలోచనలకూ నాకు సమయం దొరికింది. ఇన్నాళ్లూ నీకు కూడా ఇది రాయలేదు. నీ వేళ్లు, వదిన చెయ్యి, షెడ్డు అన్నీ నేను దాచినదానికి బలిపెట్టాను. నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం. నేనే సగం చెప్పి నిన్ను పంపాను. మీరిద్దరూ నన్ను చూడటానికి రాకపోయినా నేనేమీ అనుకోను.

మొన్న ములాఖాత్‌కు ఆండాలు వచ్చింది. కొడుతుందనుకుని నిలబడ్డాను. మా అమ్మ ఆఖరికి ఏమన్నదని అడిగింది. సేటు కాక అంత దగ్గరగా చూసింది నేనొక్కణ్ణే.

చెప్పాను. స్టీరింగు తిరగ్గానే కొమురమ్మ లేవలేదు, అరవలేదు. ముందు అద్దంలోంచి నా మొహంలోకి చూసి చెయ్యెత్తింది. "బిడ్డ నీళ్లకు వొయ్యింది. అది అచ్చేదాక ఆగు కొడుకా" అంది.

ఆండాలు అరచేతులు ఊచలకు ఆనించింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

మీ
రాజన్న